తాతగారి స్ట్రెయిట్ రేజర్‌తో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా: వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటున్న పాతికేళ్ల కుర్రాడు అడిగాడు. అయిదు బ్లేడ్ల కార్ట్‌రిడ్జ్‌తో గీసుకుంటే మెడ మీద ఎర్రటి పొక్కులు వస్తున్నాయి. అనకాపల్లిలో పాత ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టెలో తాతగారి మడత కత్తి దొరికింది. దాని మీద సోలింగెన్ అని ఉంది, కొంచెం తుప్పు పట్టింది. దాన్ని సాన పట్టించి వాడొచ్చా, కొత్తది కొనుక్కోవాలా, చెయ్యి తిరగడానికి ఎలా మొదలుపెట్టాలి, పొక్కులు తగ్గుతాయా?

బాబూ, ముందే తిన్నగా చెప్పేస్తాను. గడ్డం గీసుకోవడం అంత కష్టమేమీ కాదు, ఓపిక ఉంటే ఎవరికైనా వస్తుంది. కష్టమంతా కత్తిని పదునుగా, తుప్పు లేకుండా ఉంచుకోవడంలో ఉంది. అదీ వైజాగ్ సముద్రపు గాలిలో. వీడియోల్లో నురుగు, గీత, మెరిసే బుగ్గ చూపిస్తారు. తోలు పట్టీ మీద కత్తి తిప్పడం పది సెకన్లలో లాగించేస్తారు, సాన పట్టడం అసలు చూపించరు. అందుకే చాలామంది ఉత్సాహంగా కొని, నెల తిరక్కుండానే కత్తి లాగుతోంది, మంట పుడుతోంది అని బీరువాలో పడేస్తారు. కాబట్టి కత్తి పదును ఎవరు చూస్తారు అన్నది ముందు తేల్చుకో. గీత గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఇక్కడ రెండు రకాల కత్తులున్నాయి. ఒకటి మీ తాతగారిది: మొత్తం ఒకే ఉక్కు ముక్క, వాడేకొద్దీ పదును పెట్టుకోవాలి. రెండోది ఇప్పుడు మన సెలూన్లలో ఉండే బ్లేడ్ కత్తి. మామూలు డబుల్ ఎడ్జ్ బ్లేడ్‌ని మధ్యకి విరిచి సగం ముక్క అందులో దూరుస్తారు, షేవెట్ అంటారు. ఎయిడ్స్ మీద ప్రచారం పెరిగిన రోజుల నుంచి కుర్చీలో కూర్చోగానే "కొత్త బ్లేడ్ వెయ్యి" అనడం మనందరికీ అలవాటైపోయింది. మంచి అలవాటే. దాంతో తోలు పట్టీ, సానరాయి సెలూన్లలోంచి దాదాపు మాయమయ్యాయి. మీ వీధి సెలూన్ అతను గడ్డం అద్భుతంగా గీస్తాడు గానీ, తాతగారి కత్తి చేతికిస్తే దాన్ని సాన పట్టడం అతనికి రాకపోవచ్చు. అందులో అతని తప్పేం లేదు, ఆ అవసరమే పోయింది.

"ముందు షేవెట్‌తో నేర్చుకో, తర్వాత అసలు కత్తికి వెళ్లు" అని అందరూ చెప్తారు. నేనూ అదే చెప్తాను గానీ, షేవెట్ తేలిక అని మాత్రం అనను. నిజానికి అదే కఠినం. సగం బ్లేడ్ అంచు చాలా పదును, మూలలు సూదిగా ఉంటాయి, బరువు ఉండదు. చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే ఊరుకోదు. పదునుపెట్టే కత్తికి బరువుంటుంది, దాని అంచు చర్మానికి మెత్తగా తగులుతుంది. అయినా షేవెట్‌తో మొదలుపెట్టమనడానికి కారణం ఒకటే: పదును విషయంలో అనుమానం ఉండదు. గీత సరిగ్గా రాకపోతే తప్పు చేతిదే అని తెలిసిపోతుంది. పదును లేని పాత కత్తితో మొదలుపెడితే తప్పు చేతిదో కత్తిదో ఎప్పటికీ తేలదు. పైగా షేవెట్ దగ్గర బరువు చెయ్యి పనికిరాదు, ఆ తేలికపాటి చెయ్యే తర్వాత అసలు కత్తికి పనికొస్తుంది.

ఇక తాతగారి కత్తి. సోలింగెన్ అనేది కంపెనీ పేరు కాదు, జర్మనీలో కత్తులకి పేరుపడ్డ ఊరు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, ఫ్రాన్స్‌లో థియేర్ కూడా అలాంటివే. ఆ ఊరి పేరుతో పాటు పిడిలోకి వెళ్లే సన్నటి భాగం మీద ఇంకో పేరో బొమ్మో ఉంటుంది, తయారీదారు గుర్తు అదే. పేరు ఏదైనా, సోలింగెన్ అని ఉందంటే ఉక్కు మంచిదయ్యే అవకాశం ఎక్కువ. కానీ ఉక్కు మంచిదైనంత మాత్రాన కత్తి మంచి స్థితిలో ఉందని కాదు.

తుప్పు ఎక్కడ ఉందో చూడు. వెన్ను (అంచుకి ఎదురుగా ఉండే మందమైన వైపు) మీద, పక్కల మీద ఎర్రగా పైపైన ఉంటే ఫర్వాలేదు, అది పోతుంది. అంచు దగ్గర నల్లటి చుక్కలు, సన్నటి గుంటలు ఉంటే మాత్రం ఆలోచించాలి. ఆ గుంట లోతు వరకు ఉక్కుని అరగదీస్తే తప్ప శుభ్రమైన అంచు రాదు. రెండు మూడు చోట్ల ఉంటే సరే, అంచు పొడవునా ఉంటే ఆ కత్తిని అద్దాల బీరువాలో పెట్టుకుని తాతగారిని తలుచుకోవడమే మంచిది. అంచులో గంటు గానీ, పక్కన వెంట్రుక మందం పగులు గానీ ఉందేమో వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడు. పగులుంటే అక్కడితో ఆపెయ్. పిడిని కూడా వాసన చూడు. పాత కత్తులకి సెల్యులాయిడ్ పిడి ఉండేది. అది పాడైతే ఆమ్లపు ఆవిరి వదులుతుంది, పక్కనున్న ఉక్కుని తినేస్తుంది. పిడి మడతలో ఉండే భాగమే ఎక్కువ తుప్పు పట్టి, ఘాటు వాసన వస్తుంటే కారణం అదే కావచ్చు. అప్పుడు పిడి మార్చాల్సిందే.

పైపై తుప్పుకి కుట్టు మిషన్ నూనె వేసి ఒక రాత్రి వదిలెయ్, మెత్తటి గుడ్డతో తుడువు, తర్వాత బ్రాసో లాంటి పాలిష్‌తో నెమ్మదిగా రుద్దు. ఎప్పుడూ వెన్ను నుంచి అంచు వైపు, అంచు దాటి బయటికి పోయేలా రుద్దాలి. అంచు పొడవునా వేలు జార్చొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఇత్తడి సామాన్లకి చేసినట్టు చింతపండు రాయమంటారు, వద్దు. పులుపు ఉక్కుని తినేస్తుంది, నల్ల మచ్చ పడిపోతుంది. గరుకు కాగితం వద్దు.

అన్నిటికంటే ముఖ్యం: సైకిల్ మీద సాన చక్రం తిప్పుకుంటూ వీధుల్లోకి వచ్చే అతనికి ఈ కత్తి ఇవ్వొద్దు. వంటింటి కత్తిపీటకి, చాకులకి ఆయన పని బాగుంటుంది. రేజర్ అంచు అంత పల్చటి ఉక్కు తిరిగే రాయి మీద క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలంగా మారిందంటే ఆ ఉక్కు గట్టిదనం పోయినట్టే, దాన్ని వెనక్కి తెచ్చుకోలేం. నేను స్టీల్ ప్లాంట్‌లో పని చేసినవాణ్ని, ఉక్కు వేడికి ఏమవుతుందో చూస్తూ బతికాను. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

రేజర్‌ని సాన పట్టే పద్ధతే వేరు. కత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెడతారు, వెన్ను, అంచు రెండూ రాయికి ఆనాలి. వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది, చేత్తో కోణం పట్టాల్సిన పని లేదు. అందుకే వెన్ను ఎత్తితే మొత్తం చెడుతుంది. రాయి బల్లపరుపుగా, నీళ్లతో తడిగా ఉండాలి. అంచు ముందుకు నడిచేలా తోస్తారు, చివర వెన్ను మీద తిప్పి వెనక్కి తెస్తారు. మొదట 1000 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) రాయి మీద రెండు పక్కలూ కలిసి అంచు ఏర్పడేదాకా, తర్వాత 4000 లేదా 5000, ఆ తర్వాత 8000, చివర 12000 దరిదాపుల్లో. మొదటి రాయి మీద అంచు సరిగ్గా కుదరకపోతే తర్వాతి రాళ్లన్నీ దండగ, మెరుపు వస్తుంది గానీ తెగదు. ఈ పని చెయ్యడానికి మంచి రాళ్లు కొనాలంటే వేలల్లో అవుతుంది. ఒక్క కత్తి కోసం అన్ని రాళ్లు కొనడం నాకైతే తెలివైన పని అనిపించదు. రేజర్లు సాన పట్టే అలవాటున్న వ్యక్తిని వెతికి కొరియర్‌లో పంపించు. పంపే ముందు రెండు ప్రశ్నలు అడుగు: ఏ రాళ్ల మీద చేస్తారు, చేశాక దాంతో గడ్డం గీసి చూస్తారా. రెండో దానికి తడబడితే వేరేవాళ్లని చూసుకో.

అదే ప్రశ్న కొత్త కత్తి కొనేటప్పుడూ పనికొస్తుంది. పెట్టెలోంచి తియ్యగానే కనిపించే పదును, గడ్డానికి పనికొచ్చే పదును ఒకటి కాదు. చవకగా దొరికే చైనా కత్తుల్లో చాలావరకు పూర్తి సాన లేకుండానే వస్తాయి. వాటి ఉక్కు పనికిరానిదేమీ కాదు గానీ, మొదటిసారి కొనేవాడికి అది ఇంకో తలనొప్పి. సోలింగెన్‌లోని డోవో లాంటి కంపెనీ కొత్త కత్తి మన దగ్గరికి చేరేసరికి పది వేలు దాటుతుంది. మొదటి కత్తికి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతులు అయిదు లేదా ఆరు ఉండాలి, కొస గుండ్రంగా ఉండాలి. చదరపు కొస చూడ్డానికి బాగుంటుంది, చెవి దగ్గర, ముక్కు కింద గుచ్చుకుంటుంది. ఇక మరీ చవగ్గా నెట్‌లో కనిపించే "డమాస్కస్" కత్తులు, చెక్క పిడి మీద సింహం బొమ్మలు ఉన్నవి గోడకి తగిలించుకోవడానికి.

తోలు పట్టీ లేకుండా అసలు కత్తి జోలికి వెళ్లొద్దు. గీసుకునే ప్రతిసారీ ముందు దాని మీద తిప్పాలి. వాడినప్పుడు అంచు కంటికి కనిపించనంత సన్నగా వంగుతుంది, పట్టీ దాన్ని సరిచేస్తుంది. సానరాయి మీద అంచు ముందు నడుస్తుంది కదా, ఇక్కడ తిరగబడుతుంది: వెన్ను ముందు, అంచు వెనక. పట్టీని కొక్కేనికి తగిలించి రెండో చివర బిగించి పట్టుకోవాలి, వేలాడకూడదు. గుడ్డ వైపు ఇరవై సార్లు, తోలు వైపు నలభై, యాభై సార్లు, కత్తి బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా. చివర్లో కత్తిని వెన్ను మీదే దొర్లించి తిప్పాలి. అంచు మీద తిప్పావంటే పట్టీ తెగుతుంది, పదునూ పోతుంది.

కొత్తవాళ్ల కత్తులు ముందు చెడేది గడ్డం మీద కాదు, ఈ పట్టీ మీదే. సినిమా హీరోలకి మల్లే టపటపా తిప్పాలని ఎవడూ చెప్పలేదు. బ్రెడ్‌కి వెన్న రాసే మొద్దు కత్తి తీసుకుని వారం పది రోజులు దాంతోనే ఆ తిప్పడం సాధన చెయ్. నవ్వొస్తుందని నాకు తెలుసు, కానీ పట్టీ, కత్తి రెండూ మిగులుతాయి. పాత బెల్టు వాడొచ్చా అని అడుగుతారు. పైన రంగు పూత ఉన్న బెల్టు, కుట్లు ఉన్న బెల్టు వద్దు.

ఇప్పుడు మన ఊరి గాలి సంగతి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో గేట్లు, ఏసీ పెట్టెలు ఎలా తినేస్తుందో చూస్తూనే ఉన్నావు. పాత రేజర్లన్నీ దాదాపు కార్బన్ ఉక్కే, స్టెయిన్‌లెస్ కాదు. బాత్రూంలో తడిగా వదిలేస్తే మర్నాటికి చుక్కలు పడతాయి. అంచు అంత పల్చటి చోట చిన్న చుక్క చాలు, ఆ చోట వెంట్రుక లాగుతుంది. పని అవ్వగానే గోరువెచ్చటి నీళ్లతో కడుగు, పిడి మడతలోకి నీళ్లు పోనివ్వకు. మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి అంచు వైపు తుడువు. పొడి పట్టీ మీద అయిదారు సార్లు తేలిగ్గా తిప్పితే అంచు మీద మిగిలిన తడి కూడా పోతుంది. తర్వాత కుట్టు మిషన్ నూనె ఒక చుక్క, గుడ్డతో పల్చగా. కొబ్బరినూనె అత్యవసరానికి సరే గానీ, కొన్నాళ్లకి జిగురు కడుతుంది. కాస్త గాలి ఆడాక మూసి, బాత్రూం బయట, బీరువాలో పెట్టు. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండా దాని పక్కన వెయ్. తోలు కేసులో పెట్టి మర్చిపోవద్దు, తోలు తడిని పట్టి ఉంచుతుంది. వానాకాలంలో పట్టీకి కూడా బూజు పడుతుంది. గాలి తగిలే గదిలో వేలాడదియ్, అప్పుడప్పుడు అరచేత్తో రుద్దు. ఇదంతా రోజూ చెయ్యడం విసుగు అనిపిస్తే అది తప్పేం కాదు, షేవెట్‌తోనే ఉండిపో. నేను ఉద్యోగంలో ఉండగా ఉదయం షిఫ్టు రోజుల్లో షేవెట్, సెలవు రోజున మాత్రమే అసలు కత్తి.

పొక్కుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నువ్వు అసలు దానికోసమే వచ్చావు. ఎక్కువ బ్లేడ్లున్న కార్ట్‌రిడ్జ్ వెంట్రుకని లాగి కోస్తుంది, తెగిన కొస చర్మం కిందికి వెళ్లిపోతుంది. రింగు తిరిగే వెంట్రుక అయితే పైకి రాకుండా పక్కకి, లోపలికి పెరుగుతుంది. అదే ఆ ఎర్ర పొక్కు. ఒకే అంచుతో, వెంట్రుక పెరిగే వాలులో, తేలిగ్గా గీస్తే ఇది తగ్గే అవకాశం ఉంది. కానీ స్ట్రెయిట్ రేజర్ అనగానే అందరూ చర్మాన్ని బిగలాగి, రివర్స్ కొట్టి, బుగ్గ గాజులా నున్నగా రావాలని చూస్తారు. అలా గీస్తే ఇదే కత్తితో అవే పొక్కులు వస్తాయి. నీ మెడ మీద మాత్రం ఒక్కసారే, వాలులోనే, చర్మాన్ని కత్తి జారడానికి సరిపడా మాత్రమే లాగి గీసి వదిలెయ్. కాస్త గరుకుగా మిగులుతుంది, మిగలనీ. ఇప్పుడున్న పొక్కులు మానేదాకా కొన్ని వారాలు ఆ చోట గీయకుండా ట్రిమ్మర్ వాడు. చీము పట్టినా, నల్ల మచ్చలు, గట్టి బుడిపెలు మిగులుతున్నా ఏ కత్తీ వైద్యం కాదు, చర్మ డాక్టర్‌ని కలువు.

గీత మొదలుపెట్టే ముందు గడ్డాన్ని తెలుసుకో. రెండు రోజులు గీయకుండా ఉండి, వేళ్లతో నాలుగు వైపులా నిమిరి చూడు. ఎటు నున్నగా ఉంటే అది వాలు, ఎటు గుచ్చుకుంటే అది ఎదురు. బుగ్గల మీద మామూలుగా కిందికే ఉంటుంది. మెడ మీద చాలామందికి పక్కకి, కొందరికి పైకి, దవడ కింద సుడి తిరిగి ఉంటుంది. నీ పొక్కులు ఆ సుడి దగ్గరే ఉన్నాయని నా అంచనా, చూసుకో.

స్నానం అయ్యాక గీసుకో, లేదంటే వేడి నీళ్లలో పిండిన తువ్వాలు రెండు మూడు నిమిషాలు ముఖానికి పెట్టుకో. తడిసి మెత్తబడ్డ వెంట్రుక తేలిగ్గా తెగుతుంది. ట్యూబులో వచ్చే ఏ క్రీమైనా సరే, బ్రష్ మాత్రం ఉండాలి. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురుగు వద్దు, అది పైపైన ఉంటుంది, జారుడు ఉండదు. నురుగు చిలికిన పెరుగులా ఉండాలి: బుడగలు కనిపించకూడదు, తడి మెరవాలి. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లయితే ఎంత తిప్పినా నురుగు నిలవదు, తెల్లటి మడ్డి కడుతుంది. అది క్రీమ్ తప్పు కాదు, నీళ్లలోని సున్నం సబ్బుని పట్టేస్తుంది. అర గ్లాసు ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు పక్కన పెట్టుకుని బ్రష్‌ని వాటితో తడుపు, తేడా చూస్తావు. ఇంకో సంగతి, ఫ్యాన్ కట్టెయ్. మే నెల ఉక్కలో అది కష్టమని తెలుసు, కానీ ఫ్యాన్ కింద నురుగు బుగ్గ మీదే ఎండిపోతుంది, ఎండిన నురుగు మీద కత్తి గీస్తే మంట ఖాయం. అందుకే ఒక బుగ్గకే నురుగు రాసి, గీసి, తర్వాత రెండో బుగ్గ.

పట్టు ఇలా: మూడు వేళ్లు కత్తి మొదలు (అంచుకీ పిడికీ మధ్య సన్నటి భాగం) మీద, చిటికెన వేలు తోక (పిడి మేకు దాటి వంగి ఉండే కొస) మీద, బొటనవేలు కింద నుంచి అంచుకి దూరంగా. పిడి పైకి లేచి ఉండాలి. ముందు కత్తిని బుగ్గ మీద పూర్తిగా పడుకోబెట్టు, తర్వాత వెన్నుని దాని మందానికి ఒకటిన్నర, రెండు రెట్లు ఎత్తు. దాదాపు 30 డిగ్రీలు. కోణం తక్కువైతే వెంట్రుక లాగుతుంది, ఎక్కువైతే చర్మం గీరుకుపోతుంది, తెగుతుంది. రెండో చేత్తో చెవి పక్కన చర్మాన్ని పైకి లాగి పట్టుకో. అంగుళం కంటే పొడవు గీత వద్దు. సింహాచలంలో తలనీలాలు తీసేవాళ్ల చేతులు ఎప్పుడైనా గమనించావా? ఒక చెయ్యి చర్మాన్ని పట్టి ఉంచుతుంది, రెండోది చిన్న చిన్న గీతలతో నడుస్తుంది, మణికట్టు తప్ప ఏదీ కదలదు. అదే నేర్చుకోవాల్సింది. కత్తిని గీత దిశలోనే కదుపు. అంచు పొడవునా పక్కకి ఒక్క మిల్లీమీటరు జార్చినా తెగుతుంది, కూరగాయ కోసేది అలాగే కదా. నొక్కొద్దు. తెగకపోతే నొక్కాలనిపిస్తుంది, అప్పుడు ఆగి కోణం చూసుకో.

మొదటి వారం కుడి బుగ్గ, ఎడమ బుగ్గ పైభాగం అంతే. మిగతాది నీ పాత రేజర్‌తో, మెడకి మాత్రం ట్రిమ్మర్. "సగం సగం ఏంటి" అనుకోకు, అంతటితో ఆపడమే తెలివి. బుగ్గలు చేతికొచ్చాక దవడ గీత, తర్వాత మెడ, ఆఖరికి మీసం చోటు, గడ్డం మొన. మెడకి తల వెనక్కి వాల్చి కాలర్ ఎముక దగ్గర చర్మాన్ని కిందికి లాగాలి. గొంతు ముడి మీద నేరుగా గీయకుండా, చర్మాన్ని పక్కకి లాగి చదునుగా చేసుకుని గీయాలి. మొన దగ్గర నేను ఏళ్లు గడిచినా తొందరపడను, అక్కడ ఎముక వంపు, వెంట్రుక మొద్దు, రెండూ ఒకేచోట. రెండు చేతులతో నేర్చుకోవాలా అంటావేమో. ఎడమ బుగ్గకి ఎడమ చెయ్యి వాడితే కళ్లకి అడ్డం ఉండదు. నచ్చకపోతే కుడి చేత్తోనే ముక్కు మీదుగా తెచ్చి గీసేవాళ్లూ ఉన్నారు. చేతులు తడిసి చర్మం జారుతుంటే వేళ్లకి పటిక రుద్దుకో, పట్టు దొరుకుతుంది.

పటిక గురించి చెప్పాక ఆగడం ఎలా. మన సెలూన్లలో గడ్డం అయ్యాక తడి పటిక రాళ్లు రుద్దడం ఊరికే కాదు. చిన్న చిన్న రక్తపు చుక్కల్ని అది ఆపుతుంది. దానికంటే పెద్ద ఉపయోగం నీ లాంటి కొత్తవాళ్లకే: పటిక ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ గీశావని, నొక్కావని అర్థం. చన్నీళ్లతో కడుక్కుని, పటిక రాసి, అర నిమిషం ఆగి మళ్లీ కడిగెయ్. పటిక అంటిన వేళ్లతో కత్తిని ముట్టుకోకు, అది ఉప్పు జాతి, ఉక్కుకి పడదు. కాస్త లోతుగా తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టు, మధ్యలో తీసి చూడకు. అప్పటికీ ఆగకపోతే డాక్టర్ దగ్గరికి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు దీని జోలికి రాకపోవడమే మేలు. నీకు టీటీ ఇంజెక్షన్ వేసి పదేళ్లు దాటిందేమో చూసుకుని వేయించుకో.

కత్తి చేతిలోంచి జారితే పట్టుకోబోవద్దు. చెయ్యి వెనక్కి తీసి, కాళ్లు పక్కకి జరుపు. కత్తి పోతే పోయింది. కుళాయికి తగలకుండా సింక్‌లో తువ్వాలు వేసుకుంటే కత్తి కూడా దక్కుతుంది, ఎందుకంటే అంచులో గంట్లు పడేది చాలావరకు కుళాయికి తగిలే. తెరిచిన కత్తి చేతిలో పట్టుకుని ఫోన్ వచ్చిందని హాల్లోకి నడవొద్దు. ఇంట్లో పిల్లలుంటే తాళం ఉన్న చోట పెట్టు. ఎవరడిగినా, సొంత తమ్ముడైనా సరే, కత్తి పంచుకోవద్దు. కంటికి కనపడనంత రక్తం చాలు, హెపటైటిస్ బి, సి అలా అంటుకోగలవు. తాతగారి కత్తి సాన పట్టించి వచ్చాక స్పిరిట్‌తో తుడిచాకే మొదటిసారి వాడు.

షేవెట్‌కి బ్లేడ్ విరిచేటప్పుడు కాగితంతో సహా పొడవునా మడిచి విరుచు, వేళ్లు భద్రం. ఒక సగాన్ని రెండు మూడు గడ్డాలకి మించి సాగదియ్యకు, అంత పొదుపు అక్కర్లేదు. వాడిన ముక్కల్ని పొడి చెత్తలో అలాగే పడేశావంటే పొద్దున్నే చెత్తకోసం వచ్చే జీవీఎంసీ (వైజాగ్ కార్పొరేషన్) అమ్మాయి చెయ్యి తెగుతుంది. మూత ఉన్న రేకు డబ్బాకి సన్నటి గంటు పెట్టి అందులో వేస్తూ ఉండు, నిండాక టేపు చుట్టి, బ్లేడ్లు అని రాసి, చేతికిచ్చి చెప్పు.

ఖర్చు మాట: షేవెట్ వందల్లో వస్తుంది, బ్లేడ్లు ఇంకా చవక. ఎక్కడ కొనాలి అంటే నువ్వు వెళ్లే సెలూన్ అన్నని అడుగు, తను సామాన్లు ఎక్కడ తెచ్చుకుంటాడో చెప్తాడు. పనిలో పనిగా గడ్డం గీయించుకుంటూ అద్దంలో అతని ఎడమ చేతినే చూడు. కుడి చేతిని అందరూ చూస్తారు, పని జరిగేది ఎడమ చేతితో. డబ్బు ఆదా కోసమే దిగుతున్నానంటే మాత్రం తాతగారి కత్తి దారి వద్దు. పట్టీ, సాన ఖర్చు, నూనె కలిపితే ఆదా కనిపించడానికి చాలా కాలం పడుతుంది. సమయం కూడా మొదట్లో అరగంట అవుతుంది. ఆఫీసు ఉన్న రోజు ఉదయం సాధన పెట్టుకోకు, ఆదివారం పెట్టుకో. విమానంలో వెళ్తే రెండు రకాల కత్తులూ చేతి సంచిలో కుదరవు, చెకిన్ లగేజీలో వెయ్యాలి.

నా లెక్క ప్రకారం నీ వరస ఇది: ఇప్పుడు ట్రిమ్మర్‌తో మెడకి విశ్రాంతి, ఈలోపు షేవెట్‌తో బుగ్గలు, వెన్న కత్తితో పట్టీ సాధన. తాతగారి కత్తి ఆ సమయంలో సాన పట్టేవారి దగ్గర ఉంటుంది. అది పంపాలా వద్దా అన్నది మాత్రం చూడకుండా చెప్పలేను. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసి పెట్టు: రెండు పక్కలూ, మొదలు మీదున్న అక్షరాలు దగ్గరగా, వెన్ను పైనుంచి, అంచు ఎదురుగా. అంచుని ఎదురుగా చూసినప్పుడు వెలుతురు గీతలా మెరిసే చోట్లుంటే అక్కడ పదును చదునైపోయిందని అర్థం, ఆ ఫొటో బాగా దగ్గరగా తియ్యి. తుప్పు తుడవకముందు ఒకసారి, తుడిచాక ఒకసారి తియ్యి, తుప్పు కింద గుంటలు తుడిచాకే తెలుస్తాయి.